సామర్లకోట కరువు, హిమాలయం మంచు

ఒరేయ్ సూరీ,

హిమాలయాల మంచులో మన పాత కరువు ఆనవాళ్లు దొరికిన సంగతి మొన్న ఫోన్‌లో సగమే చెప్పగలిగాను, మిగతాది తీరిగ్గా రాస్తున్నాను.

టిబెట్‌లో, నేపాల్ సరిహద్దు దగ్గర శిషాపాంగ్మా అనే శిఖరం ఉంది. దాని మీదే దాసువోపు హిమానీనదం. 1997లో అమెరికా శాస్త్రవేత్త లోనీ థాంప్సన్ బృందం అక్కడ 7,200 మీటర్ల ఎత్తున క్యాంపు వేసి, సుమారు 160 మీటర్ల లోతు దాకా మంచును కడ్డీలుగా తొలిచి తీసింది. ఊపిరాడటమే కష్టమైన చోట యంత్రం నడిపారురా! వాళ్ల ఓపికకు దండం పెట్టాలి.

అక్కడ ఏ ఏడు కురిసిన మంచు ఆ ఏడు పొరగా గట్టిపడుతుంది, గాలిలోని దుమ్ముతో, లవణాలతో సహా. మన నైరుతి వానలు బాగా పడితే దుమ్ము తక్కువ. వానలు తప్పితే ఎండిన నేలల దుమ్మూ, క్లోరైడు లవణాలూ పెరుగుతాయి. అలా చూస్తూ పోతే, వెయ్యేళ్లలో 1790–96 కరువును మించింది ఇంకోటి కనబడలేదట.

ఆ ఏళ్లు చదవగానే నాకు మీ సామర్లకోట తట్టింది. ఈస్టిండియా కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ అప్పట్లో అక్కడే మొక్కల తోట పెట్టుకుని ఉండేవాడు. 1789 నుంచి వరసగా నాలుగేళ్లు వానలు తప్పాయని నమోదు చేసింది ఆయనే. దానికి పుర్రెల కరువనే పేరు. పూడ్చేవాళ్లు లేక మనుషుల ఎముకలు దారుల్లోనే పడి ఉండేవట. ఉత్తర సర్కారుల్లో, అంటే అప్పటి మన కోస్తా ప్రాంతంలో, ఎంతమంది పోయారో తలుచుకుంటే కడుపులో దేవుతుంది. మనవాళ్లూ ఉండే ఉంటారు కదరా అందులో.

ఇంకో సంగతి. అదే మంచును పరీక్షించి 2020లో ఇంకో పరిశోధన వచ్చింది. 1780 ప్రాంతం నుంచే అందులో జింకు, కాడ్మియం, నికెల్ లాంటి లోహాలు పెరిగాయి. యూరప్‌లో మండించిన బొగ్గు పొగ పడమటి గాలులతో అక్కడిదాకా వచ్చిందన్నమాట. అడవులు తగలబెట్టిన పొగ కూడా కొంత కలిసి ఉండొచ్చంటారు. మనిషి ఎవరెస్టు ఎక్కింది 1953లో. వాడి పొగ మాత్రం నూట డెబ్బై ఏళ్ల ముందే హిమాలయాల మంచుకు చేరింది! ఇరవయ్యో శతాబ్దంలో పెరిగిన దుమ్ములో మన దేశం వాటా కూడా ఉంది, అది ఒప్పుకోవాలి.

రాక్స్‌బర్గ్ తోట జాగా ఎక్కడో మీ పెద్దవాళ్లకు తెలుసేమో అడుగు. సంక్రాంతికి వస్తాను, వెళ్లి చూద్దాం. అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ రాంబాబు