మూడు వారాలుగా జవాబు లేని ఫిర్యాదు

కస్టమర్ కేర్ బాధ్యులకు,

విషయం: రిలే బోర్డు గురించి నేను చేసిన ఫిర్యాదును పట్టించుకోకుండా మూసేయడం.

మీ దగ్గర కొన్న ఆర్డుయినో (ప్రోగ్రామ్ రాసుకునే చిన్న కంట్రోల్ బోర్డు), సెన్సర్, బల్బులను వేసి ఆర్పే స్విచ్ లాంటి రిలే బోర్డుతో గుడ్లు పొదిగే పెట్టెకు వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ నేనే తయారుచేసుకున్నాను. లోపల వేడి 37.5 డిగ్రీలు దాటితే బల్బులు ఆరిపోవాలి. 17 రోజులు అలాగే పనిచేసింది. 18వ రోజు రాత్రి రిలే ఆన్‌లోనే అతుక్కుపోయింది. తెల్లారి చూస్తే బల్బులు వెలుగుతూనే ఉన్నాయి, లోపల 43 డిగ్రీలు. 32 నాటుకోడి గుడ్లు పోయాయి. వారం ముందే టార్చి వెలుతురులో వాటిలో పిల్లలు కదలడం నేనూ మా ఆవిడా చూశాం.

రిలే పాడైనా కరెంటు ఆపేసే రెండో కటాఫ్ పెట్టకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. వస్తువన్నాక పాడవుతుంది. ముప్పై ఏళ్లు ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చెప్పినవాణ్ని, ఆమాత్రం తెలుసు. నా బాధ మీరు నాతో వ్యవహరించిన తీరు గురించి.

మొదటిసారి ఫోన్ చేస్తే ఒకటి నొక్కమని, నాలుగు నొక్కమని, ఇరవై నిమిషాలు పాట వినిపించారు. చివరికి ఒకమ్మాయి పలికి "వైఫై కనెక్ట్ అయిందా సార్?" అని అడిగింది. ఈ బోర్డుకు వైఫై లేదమ్మా అన్నాను. "అయితే ఒకసారి రీస్టార్ట్ చేయండి" అంది. రెండోసారి మాట్లాడినాయన పార్సిల్ విప్పేటప్పుడు తీసిన వీడియో కావాలన్నాడు. ఇన్ని రోజులు వాడిన బోర్డుకు ఆ వీడియో ఎందుకండీ? ఫొటోలు పంపాను. నాలుగు రోజుల తర్వాత అవే ఫొటోలు మళ్ళీ పంపమన్నారు. మూడో ఆయనకు తెలుగు రాదు, నాకు హిందీ అంతంతమాత్రం. లైన్లో ఉండమన్నాడు, కట్ అయిపోయింది. నాలుగో ఆయన టెక్నికల్ టీమ్ 48 గంటల్లో మాట్లాడుతుందని మాటిచ్చాడు. రెండు రోజులు ఫోన్ చేతిలో పట్టుకునే తిరిగాను, స్నానానికి వెళ్తూ కూడా మా ఆవిడకిచ్చి వెళ్ళాను. ఫోన్ రాలేదు, మెసేజ్ వచ్చింది: "మీ సమస్య పరిష్కారమైంది. మాకు ఎన్ని స్టార్లు ఇస్తారు?"

ఎవరు పరిష్కరించారు? నాతో ఎవరు మాట్లాడారని?

ఆరేళ్లుగా మీ దగ్గరే కొంటున్నాను. రిటైరయ్యాక కూడా ఐటీఐ పిల్లలు ఏ బోర్డు కొనాలని అడిగితే మీ పేరే చెప్పాను. నాతోపాటు అదే ఆర్డర్‌లో ఎనిమిది మంది ఇవే రిలేలు తెప్పించుకున్నారు. ఒకడు గీజర్‌కు పెడతానంటే ఆపించాను. ఈ టెన్షన్ మీకెవరికీ లేదా?

90 రూపాయల బోర్డు డబ్బు నాకక్కర్లేదు. రిలే అంటే ఏమిటో తెలిసిన మనిషి నాతో తెలుగులో మాట్లాడాలి. ఆ ఎనిమిది మంది బోర్డులు వెనక్కి తీసుకుని, పరీక్షించి, ఏం తేలిందో రాతపూర్వకంగా చెప్పాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలో పరిష్కరించాలి. ఇంకో వారమే ఉంది. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తాను. 5 లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు కూడా లేదు. మీ మెసేజ్‌లన్నీ దాచి ఉంచాను.

సాయంత్రం నాలుగు దాటాక ఎప్పుడు చేసినా ఫోన్ ఎత్తుతాను.

ఇట్లు,
ఆరేళ్లుగా మీ దగ్గర కొంటున్న కస్టమర్