గుర్తులు గుడ్డ మీద ఉండాలక్కా

వూస్టర్, మసాచుసెట్స్

అక్కా,

మేమంతా బాగున్నాం. ఇక్కడ చలి మొదలైంది, బాబుకి జలుబు తగ్గింది. ఇంటి సంగతులు అమ్మతో రోజూ మాట్లాడుతూనే ఉన్నా కాబట్టి ఈ ఉత్తరం నీ టైలరింగ్ షాపు గురించే. ఫోన్లో చెబుదామంటే నీ చేతిలో కత్తెర ఉంటుంది, ఎదురుగా కస్టమర్ నిలబడి ఉంటుంది, ఇక్కడేమో నాకు అర్ధరాత్రి. రాసి పంపితే కటింగ్ టేబుల్ మీద పెట్టుకుని తీరిగ్గా చూసుకుంటావు.

దసరా ఆర్డర్లలో ఆ కొత్తమ్మాయి చేతులు తిరగేసి కుట్టేసిందని, రాత్రంతా కూర్చుని విప్పి మళ్లీ కుట్టావని చెప్పావు కదా. ఆ అమ్మాయిని అరిచానని తర్వాత నువ్వే బాధపడ్డావు కూడా. నేను ఆలోచించాను. ఆ అమ్మాయికి తెలిసే దారి ఏది అక్కా? చేయి ముక్క మడతలో కత్తిరించి పెడతావు, ఏ వైపు ముందుకో ఏ వైపు వెనక్కో నీకు చూడగానే తెలుస్తుంది, ఇన్నేళ్ల అనుభవం. ఆ ముక్క మీద మాత్రం అది రాసి లేదు. నువ్వే కట్ చేసి నువ్వే కుట్టినన్నాళ్లూ పర్వాలేదు. ఇప్పుడు నువ్వు కట్ చేస్తుంటే ఇద్దరు కుడుతున్నారు, నీ తలలో ఉన్నది గుడ్డ మీదకి దిగాలి. దానికి ఇక్కడ వాళ్లు వాడే గుర్తుల అట్టలు చూశాక నీ షాపుకి ఇవి వెంటనే కావాలనిపించింది.

మా పక్కింటి పెద్దావిడ బొంతలు కుడుతుంది. మన నానమ్మ పాత చీరలతో కుట్టే బొంత లాంటివి కావు, చిన్న చిన్న రంగు ముక్కల్ని నక్షత్రాల్లా, షట్కోణాల్లా కలిపి కుట్టేవి. వందల ముక్కలు, ఒక్కటి కొంచెం జరిగినా నక్షత్రం కొన మొండిదైపోతుంది. ఆవిడ దగ్గర ప్రతి ఆకారానికీ గాజులా అవతలి వైపు కనిపించే ప్లాస్టిక్ అట్ట ఉంది. అట్ట అంచు గుడ్డ కత్తిరించే గీత. దానికి పావంగుళం లోపల కుట్టు గీత. రెండు కుట్టు గీతలు కలిసే ప్రతి మూలలో సన్నటి చిల్లు. గుడ్డ మీద అట్ట పెట్టి, చిల్లులోంచి పెన్సిల్ మొన దించి చుక్క పెడుతుంది. రెండు ముక్కలు కలిపేటప్పుడు పై చుక్కలోంచి గుచ్చిన గుండుసూది కింది ముక్క చుక్కలోంచే బయటికి రావాలి, అప్పుడే మిషన్ కింద పెడుతుంది. కత్తిరించిన అంచుల్ని ఆవిడ అసలు నమ్మదు. కుట్టు పడేది అంచు మీద కాదు కదా అంటుంది. నాకు ఆ మాట బాగా పట్టింది, ఎందుకంటే జాకెట్టులో వచ్చే తేడాలు చాలావరకు అంచు చూసి కలపడం వల్లే వస్తాయి.

ఛాతీ మీదుగా నిలువు కుట్టు వచ్చే ప్రిన్సెస్ కట్ సంగతే చూడు. మధ్య ముక్క, పక్క ముక్క అంచులు పక్కపక్కన పెడితే ఎప్పుడూ ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. బయటికి ఉబ్బిన వంపులో అంచు కుట్టు గీతకంటే పొడుగ్గా ఉంటుంది, లోపలికి తిరిగిన వంపులో పొట్టిగా ఉంటుంది. కుట్టు గీతలు మాత్రం రెండింటిలోనూ సమానమే. ఇది తెలియని అమ్మాయి పైనుంచి కుట్టుకుంటూ వచ్చి కింద మిగిలిన గుడ్డని కత్తిరించేస్తుంది, జాకెట్టు ఛాతీ దగ్గర లాగేస్తుంది, ఆ తర్వాత ఎంత ఇస్త్రీ చేసినా లాభం లేదు. అట్టలో కుట్టు గీత మీద మూడు చిల్లులు పెట్టు: ఛాతీ ఎత్తు దగ్గర ఒకటి, దానికి రెండంగుళాల పైన ఒకటి, రెండంగుళాల కింద ఒకటి. రెండు ముక్కల మీదా అవే చుక్కలు పడాలి. ముందు ఆ మూడు చోట్లా గుండుసూదులు పెట్టి, లోపలి వంపుకి చిన్న గాట్లు ఇచ్చి, అప్పుడు కుట్టమను.

చేతులకి ఇక్కడ కొనే ప్యాటర్న్‌లలో, అంటే ముక్కల ఆకారాలు గీసి అమ్మే కాగితాల్లో, మామూలుగా ఒక పద్ధతి ఉంటుంది. చంక ముందు వైపు ఒక గాటు, వెనక వైపు జంట గాట్లు. చేయి ముక్క మీద కూడా అంతే, ముందుకి ఒకటి, వెనక్కి రెండు. ఒంటి గాటు ఒంటి గాటుతో, జంట జంటతో కలవాలి. చేయి తిరగబడితే గాట్లు కలవవు, కుట్టే మనిషి అక్కడే ఆగిపోతుంది. చదువు రాని వాళ్లకి కూడా ఒక్కసారి చూపిస్తే చాలు. నీ షాపులో రేపట్నుంచే పెట్టాల్సింది ఇదే, దీనికి అట్ట కూడా అక్కర్లేదు, కత్తెర మొన చాలు. కాకపోతే కంటి అంచనాతో పెట్టిన గాటు ఒక జాకెట్టుకీ ఇంకో జాకెట్టుకీ మారుతుంది, అట్టకి ఉంటే మారదు. ఇంకో మాట, గాట్ల కిందనున్న భాగం చంక, చేయి రెండింటిలోనూ ఒకే కొలత ఉండాలి. చేతికి ఏమైనా వదులు ఉంటే అది గాట్ల పైన, భుజం దగ్గర సర్దుకోవాలి.

ఇక్కడ ప్యాటర్న్ కవర్లు తెరిస్తే పల్చటి కాగితం మీద ఈ గుర్తులన్నీ అచ్చేసి ఉంటాయి. ఈ వ్యాపారం పుట్టింది మాకు దగ్గర్లోనే, స్టెర్లింగ్ అనే చిన్న ఊళ్లో. 1863లో ఎబినేజర్ బటరిక్ అనే దర్జీ రకరకాల సైజుల్లో కాగితపు ప్యాటర్న్‌లు అమ్మడం మొదలుపెట్టాడు. అంతకుముందు ప్యాటర్న్ ఒకే సైజులో దొరికేది, ఎవరికి వాళ్లు పెంచుకోవాలి, తగ్గించుకోవాలి. మొదట్లో ఆ కాగితాల మీద అచ్చు కూడా ఉండేది కాదట, చిల్లులు, గాట్లే. ముక్కల మీద అచ్చు లేకుండానే అవతల ఎక్కడో ఉన్న ఇల్లాలు చొక్కా కుట్టేసుకునేదంటే ఆ గుర్తుల్లో ఎంత బలం ఉందో చూడు.

అయితే వాళ్లది ఉన్నదున్నట్టు తీసుకుంటే మనకి కుదరదు. అమెరికా ప్యాటర్న్‌లలో కుట్టుకి వదిలే గుడ్డ మామూలుగా చుట్టూ 5/8 అంగుళం. మన జాకెట్టుకి పక్కల్లో అంగుళం, అంగుళంన్నర వదలకపోతే కస్టమర్ ఊరుకుంటుందా? రెండేళ్ల తర్వాత వదులు చేయమని తెస్తుంది, అది మన పద్ధతిలో ఉన్న గొప్ప సుఖం, దాన్ని పోగొట్టుకోవద్దు. అందుకని అట్ట మీద పక్క కుట్టుకి రెండు గీతలు గీయి, ఇప్పటి కుట్టు ఒకటి, వదులు చేస్తే వచ్చే కుట్టు ఒకటి. చంక గాటుని మాత్రం ఎప్పుడూ భుజం నుంచి కొలిచి పెట్టు. పక్క కుట్టు నుంచి కొలిస్తే వదులు చేసిన రోజున ఆ కొలత పనికిరాకుండా పోతుంది.

నాకు అన్నిటికంటే ఉత్సాహంగా ఉన్నది పోచంపల్లి గుడ్డలకి ఈ అట్ట ఎలా పనికొస్తుందో ఆలోచిస్తుంటే. అట్ట పారదర్శకంగా ఉంటే కింద డిజైన్ కనిపిస్తుంది. ఒక ముందు ముక్క మీద పెట్టి, గుడ్డలోని గళ్లూ కోణాలూ అట్ట మీదే స్కెచ్ పెన్‌తో గీసుకో. అదే అట్టని తిరగేసి రెండో ముందు ముక్కకి పెట్టి, గీతలు డిజైన్ మీద సరిగ్గా కూర్చునేదాకా జరుపు. హుక్స్ పెట్టాక మధ్యలో డిజైన్ విరగదు. ఇక్కడా కలపాల్సింది కుట్టు గీత దగ్గరే, అంచు దగ్గర కలిపితే కుట్టాక లోపలికి పోతుంది. ఇక్కత్‌లో నేసే ముందే నూలుకి ముడులు కట్టి రంగు వేస్తారు కాబట్టి డిజైన్ అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటాయి, అందుకే కోణం మొన కాకుండా మధ్య గీతని పట్టుకో. పడుగు, అంటే గుడ్డలో నిలువు పోగులు, ఎటు పోతుందో అట్ట మీద పొడుగాటి బాణం గీయడం మర్చిపోకు, ముక్క వాలుగా పడితే ఎన్ని చుక్కలు కలిసినా జాకెట్టు మెలి తిరుగుతుంది.

అట్టలు కొనక్కర్లేదు. కోఠీలో స్టేషనరీ షాపుల్లో మందపాటి పారదర్శక షీట్లు అడుగు. లేదంటే నాన్న పాత ఎక్స్‌రేలు బీరువా మీద ఉన్నాయి కదా, అవి గట్టిగా ఉంటాయి, సాదా జాకెట్లకి సరిపోతాయి. చిల్లు పెన్సిల్ మొన పట్టేంతే ఉండాలి, పెద్దదైతే చుక్క అటూ ఇటూ జరుగుతుంది. ప్రతి అట్ట మీదా సైజు, ముక్క పేరు రాసి, ఒక మూల చిల్లు పెట్టి సైజువారీగా తాడుకి గుచ్చి గోడకి తగిలించు. ముందుగా నీకు ఎక్కువ వచ్చే సైజులు మాత్రమే చెయ్యి. అందరికీ ఒకేసారి మొదలుపెడితే పెళ్లిళ్ల సీజన్ వచ్చేలోపు విసుగొస్తుంది.

చుక్కలు పెట్టడానికి మామూలు గుడ్డకి చాక్ చాలు, మొన చెక్కుకోవాలి అంతే. పట్టు మీద గాటు పెడితే పోగులు ఊడతాయి, అక్కడ తెల్ల దారంతో వదులుగా ఒక టాకా వెయ్యమను, కుట్టాక లాగేస్తే వచ్చేస్తుంది. వేడికి మాయమయ్యే పెన్నులు కూడా వచ్చాయి, ఇస్త్రీ తగలగానే గీత పోతుంది. అవి గడ్డకట్టే చలిలో మళ్లీ కనిపిస్తాయి, మన హైదరాబాద్‌లో ఆ భయం లేదనుకో, కానీ ముదురు రంగు గుడ్డల మీద తెల్లటి జాడ మిగులుతుంది. కస్టమర్ పట్టు చీర జాకెట్టు ముక్క మీద అవి వాడనివ్వకు. ముందు మిగులు ముక్క మీద చూసుకోవాలి.

జనవరిలో నా స్నేహితురాలు సికింద్రాబాద్ వస్తోంది, ఆమె చేత ఒక సెట్ పంపుతున్నా, 36 సైజు, ప్రిన్సెస్ కట్, మోచేతి వరకు చేతులు. దాన్ని నీ కటింగ్‌కి తగ్గట్టు చెయ్యాలంటే నాకు కొన్ని కొలతలు కావాలి. నీకు బాగా కుదిరిందనిపించిన ఒక ఆది జాకెట్టు తీసుకుని ముందు చంక, వెనక చంక విడివిడిగా కొలువు. టేపు పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, కుట్టు గీత వెంబడే కొలువు, వంపులో అదే సరైన కొలత ఇస్తుంది. చేయి పైవంపు కూడా భుజం మధ్య నుంచి ముందుకి ఎంత, వెనక్కి ఎంత అని రెండుగా రాయి. భుజం నుంచి ఛాతీ ఎత్తు, ఛాతీ రెండు మొనల మధ్య దూరం కూడా కావాలి. ఆదివారం షాపు మూశాక ఫొటో తీసి పంపితే, ఆ వారంలోనే గీసి కత్తిరించేస్తాను. ఆ కొత్తమ్మాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని కొలువు.

బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

నీ చెల్లి