ఆ రాత్రి చెప్పనివ్వలేదు, అందుకే ఇప్పుడు

ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో కూర్చుని రాస్తున్నాను. నాలుగు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకోండి. మొన్న రాత్రి నేను డైరెక్ట్ చేసిన నాటకం మొదటి ప్రదర్శన జర్మనీలో, జర్మన్ భాషలో అయింది. ఆ రాత్రి చెప్పలేకపోయిన థాంక్స్ ఇప్పుడు చెబుతున్నాను.

ఆ దేశంలో ప్రభుత్వ డబ్బుతో నడిచే నాటకశాలలు 140 దాకా ఉన్నాయి. నటులకు నెల జీతం. పొద్దున పదింటికి నా రిహార్సల్లో ఉన్నవాళ్ళే రాత్రికి ఇంకో నాటకంలో వేషం కడతారు. మధ్యాహ్నం రెండయ్యేసరికి మా సెట్టు విప్పేస్తారు. ఆఫీసయ్యాక రాత్రి ఎనిమిదికి రిహార్సల్ మొదలుపెట్టే పరిషత్తు నాటకాలవాణ్ణి, బిత్తరపోయాను.

చెప్పాల్సింది ప్రాంప్టర్ గారి గురించి, అంటే నటులు మరిచిపోయిన మాట అందించే ఆవిడ. మన దగ్గరలా సైడ్ వింగులో నక్కి ఉండరు, రిహార్సల్లో ముందు వరసలోనే కూర్చుంటారు. ఆవిడకి అరవై దాటి ఉంటాయి. నాకు జర్మన్ రాదు, ఆవిడ ఇంగ్లీషు అంతంతమాత్రం. మాట అందించడం కంటే ఎప్పుడు అందించకూడదో తెలియడమే ఆ పనిలో కష్టం. నటుడు మరిచిపోయి ఆగాడా, కావాలని ఆగాడా? అందుకే ప్రతి మౌనానికీ స్క్రిప్టులో పెన్సిల్ గుర్తు పెట్టుకుంటారు.

నేను వెళ్ళిన మూడో వారంలో ఒక సాయంత్రం సీను ఎంతకీ కుదరక, విసుగులో ఇంగ్లీషు కూడా రాక, "ఆగు! అక్కడ ఆగు!" అని తెలుగులో అరిచేశాను. మర్నాడు అదే చోట నటుడు తొందరపడబోతుంటే ముందు వరసలోంచి మెల్లగా వినిపించింది: "ఆగు." వెళ్ళి చూస్తే, మౌనం గుర్తు పక్కన వాళ్ళ అక్షరాల్లో ఆ మాట. తర్వాతి పేజీల్లోనూ అంతే. కారిడార్లోకి పోయి గోడవైపు తిరిగి ఏడ్చాను. ఫోన్లో తప్ప తెలుగు విని అప్పటికి రెండు వారాలు దాటింది.

ప్రదర్శనకు ముందు ఒకరికొకరు ఎడమ భుజం మీదుగా "తోయ్ తోయ్ తోయ్" అనుకుంటారు, మనం దిష్టి తీసినట్టు. నేను థాంక్స్ అనబోతే ఆవిడ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. దానికి థాంక్స్ చెబితే అపశకునమట. ఇప్పుడు ఫరవాలేదు కదా. డాంకె, అమ్మా.

ఇంట్లోవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, వాళ్ళకి తెలుసు.

ఒక్క మాట అనకుండా ఉండలేను. ఆరు వారాల రిహార్సల్లో ఎనిమిది రోజులు వీసా మింగేసింది. ఆహ్వానం, కాంట్రాక్టు, ఇన్సూరెన్స్ అన్నీ ఉన్నా ప్రతిసారీ ఇంకో కాగితం. నాటకానికి వెళ్తున్నానంటే కౌంటర్లో నవ్వారు కూడా.

అన్నట్టు, థాంక్స్ చెప్పాల్సినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ తర్వాత వచ్చి తర్జుమా చేసిపెట్టి, ఆవకాయ తెచ్చిచ్చిన స్టూడెంట్ తమ్ముడు. చీర కట్టడం రెండు రోజుల్లో నేర్చేసిన డ్రెస్సుల విభాగం అక్క. లైట్లాయన. అయ్యో, స్టేజి గుమ్మం దగ్గరుండే పెద్దాయన! రోజూ నా పేరు తప్పుగా పిలిచి, తాళంచెవి మాత్రం సరైనదే ఇచ్చేవాడు.