సకినాల కవరు మళ్లీ మారింది, ఎందుకో చెప్తాను

ఈ వారం మన కొట్టుకు వచ్చినవాళ్లు గమనించే ఉంటారు. గోధుమ రంగు కాగితం కవర్లు పోయాయి. సకినాలు, మురుకులు, గరిజెలు మళ్లీ లోపల సరుకు కనిపించే ప్లాస్టిక్ కవర్లలోనే ఇస్తున్నాం. హనుమకొండ సుబేదారి నుంచి ఎప్పుడూ వచ్చే అక్క ఒకామె కవరు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందమ్మా, పర్యావరణం అయిపోయిందా?" అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు మరి. రెండేళ్లలో నాలుగుసార్లు కవర్లు మార్చి, ఒక్కసారి కూడా ఎందుకు మార్చానో మీకు చెప్పలేదు.

ఇదంతా మేడారంలో మొదలైంది. 2024 ఫిబ్రవరి జాతరకు ఇంటిల్లిపాదీ వెళ్లాం. జంపన్న వాగు దగ్గర స్నానాలు చేసి పైకి వస్తుంటే ఒడ్డు మీద నీళ్ల సీసాలు, బెల్లం కవర్లు, కోడి ఈకలు కలిసిపోయి పడి ఉన్నాయి. వాటి మధ్యలో మన కవరు ఒకటి. మన స్టిక్కరే, మన ఫోన్ నంబరుతో సహా. మా ఆయన "ఉచితంగా ప్రచారం జరుగుతోంది చూడు" అన్నాడు. ఆ కవరు తీసి సంచిలో వేసుకున్నాను గానీ, అక్కడ ఇంకెన్ని ఉన్నాయో.

తిరిగొచ్చిన వారానికే కాగితం కవర్లకు ఆర్డరు పెట్టాను. ఐదువేలకు తక్కువైతే అచ్చు వేయరట. పాత కవరు రెండున్నర రూపాయలు, ఇది తొమ్మిది. దాని మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ, కింద "ప్రకృతికి మేలు" అని రాయించాను. ఆ రెండు మాటలు రాయించింది నేనే, కాబట్టి ఇప్పుడు చెప్పేది కూడా నేనే చెప్పాలి. మూడు నెలల తర్వాత మా చిన్నోడు బడి ప్రాజెక్టు కోసం ఆ కవరు ఒకటి చింపాడు. కాగితం సగమే చిరిగింది, లోపల నుంచి పల్చటి ప్లాస్టిక్ పొర సాగుతూ వచ్చింది. దాని జిప్పూ ప్లాస్టిక్కే, ముందున్న కిటికీ కూడా ప్లాస్టిక్కే. పాత పేపర్లు కొనే అన్నకు చూపిస్తే పక్కకు పడేశాడు. "ఇది కాగితంల పోదు, ప్లాస్టిక్ల పోదు అక్కా" అన్నాడు. పాత కవరు కనీసం ఒకే రకం ప్లాస్టిక్. దీంట్లో రెండూ అతికించి ఉన్నాయి, విడదీసే ఓపిక ఎవరికీ లేదు. మరి నేనెందుకు ముందే చింపి చూడలేదంటారా? చూడలేదు, అంతే. గోధుమ రంగు చూసి మోసపోయాను, మిమ్మల్నీ మోసం చేశాను.

తర్వాత లోపల పొర లేని ఉత్త కాగితం తెచ్చాం. మీ తిట్లన్నీ దీనికే వచ్చాయి. అసలు సకినం ఎలాంటి వస్తువో ఒక్కసారి ఆలోచించండి. నానబెట్టిన బియ్యం పిండి, నువ్వులు, ఓమ. బట్ట మీద చుట్లు తిప్పి, తడి ఆరనిచ్చి, నూనెలో తేలే దాకా వేయిస్తాం. ఆ వేగడంలో నీళ్లన్నీ పోయి, ఆ ఖాళీల్లో కొంత నూనె చేరుతుంది. కరకరలాడటం అంటే నీళ్లు లేకపోవడమే. అందుకే చుట్టూ గాలిలో ఏ కాస్త తడి ఉన్నా లాక్కుంటుంది. ఉత్త కాగితం ఆ తడిని ఆపదు, లోపలి నూనెను కూడా ఆపదు. గాలి తగిలిన కొద్దీ నూనె చెడి పాతనూనె వాసన వస్తుంది. ఎండాకాలంలో ఈ సంగతి తెలియలేదు. దసరా ముందు వానలు పడ్డప్పుడు తెలిసింది. సద్దుల బతుకమ్మ నాటికి మలీద ముద్దల పక్కన పెట్టిన మన సకినాలు వంగుతున్నాయి. విరగడం లేదు, వంగుతున్నాయి! కాజీపేట నుంచి ఒక పెద్దమ్మ ఫోన్ చేసి, "బిడ్డా, పండ్లు లేనోళ్ల కోసం స్పెషల్‌గ చేసినవా?" అని అడిగింది. అల్మరాలో పట్టుచీర మీద కవరు పెట్టిన ఇంకో అక్క సంగతి నేను రాయను, ఆమెకు డ్రైక్లీనింగ్ డబ్బులు ఇచ్చేశాం.

నూనె మరకతో స్టిక్కరు ఊడిపోయేది కూడా. తయారీ తేదీ, ధర, ఆహార లైసెన్సు నంబరు అన్నీ ఆ స్టిక్కరు మీదే ఉంటాయి. అది లేని కవరు అమ్మడానికి వీల్లేదు. రోజూ సాయంత్రం కూర్చుని ఊడినవి అతికించడమే మా అత్తమ్మ డ్యూటీ అయింది.

మూడోది, మట్టిలో కలిసిపోతుందని అమ్మే మొక్కజొన్న పిండి కవరు. ఈసారి తెలివి తెచ్చుకుని ముందే పరీక్ష పెట్టాను. జూన్‌లో పెరట్లో జామచెట్టు కింద ఒకటి పాతిపెట్టి, దసరా అయ్యాక తవ్వాను. మట్టి కడిగితే ధర కూడా చదవొచ్చు. తర్వాత తెలుసుకుంటే అర్థమైంది. వాటిలో చాలా కవర్లు కరగాలంటే పెద్ద కంపోస్టు యూనిట్లలో ఉండే వేడి కావాలి, దాదాపు 58 డిగ్రీలు, అదీ వారాల తరబడి. మన చెత్త మడికొండ డంప్‌యార్డుకు పోతుంది. అక్కడి గుట్టలో ఏది ఏ కవరో ఎవరు ఏరుతారు? పైగా ఆ కవర్లు నిల్వ కూడా ఉండవు. రేకుల గోదాములో ఒక ఎండాకాలం గడిపిన కట్ట, సరుకు పోస్తుంటేనే అతుకు దగ్గర విచ్చుకుంది. భూమిలో కరగనిది నా గోదాములో కరిగింది.

అందుకే పాత కవరుకే వచ్చాను. అయితే ఇప్పుడు కాస్త మందమైనది, ఒకే రకం ప్లాస్టిక్‌తో చేసినది, రంగుల అచ్చు లేనిది. "ప్రకృతికి మేలు" అన్న మాట తీసేశాం. నూనె తుడిచి మూటగట్టి ఇస్తే తీసుకుంటానని అదే పేపర్ల అన్న చెప్పాడు. మీ ఇంట్లో ఖాళీ అయినవి తెచ్చి కౌంటరు పక్కనున్న సంచిలో వేయండి. దూరం పంపే పార్శిళ్లకు ఇంతకన్నా మంచి దారి నాకు ఇప్పటికి దొరకలేదు. మా అత్తమ్మ మాత్రం, వాళ్ల కాలంలో ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు సకినాలు గంపలో పెట్టి బట్ట కప్పేవాళ్లమని రోజూ అంటుంది. నిజమే. కానీ ఆ గంప సాయంత్రానికి ఊరంతా పంచేవాళ్లు. మీరు దుబాయిలో ఉన్న కొడుకు కోసం నెల రోజులు దాస్తారు.

దగ్గర్లో ఉన్నవాళ్లకు ఆ బాధ లేదు. మీ స్టీలు డబ్బా తెండి. ఖాళీ డబ్బా తూకం ముందు మీ ఎదుటే వేస్తాం, కిలోకు పది రూపాయలు తగ్గిస్తాం. బాలసముద్రం నుంచి ఒక అన్న బిందె తెచ్చాడు, దానికీ ఇచ్చాం.

స్వీట్ డబ్బాల గురించి కూడా అడుగుతున్నారు. వాటి చుట్టూ చుట్టే పల్చటి ప్లాస్టిక్ రేపరు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. అది నేను మార్చింది కాదు. రేపరు లేకపోతే "ఎవరైనా తెరిచారా?" అని కొందరికి అనుమానం. ఇప్పుడు అంచు మీద కాగితం సీలు వేస్తున్నాం, అది చిరిగి ఉంటే తీసుకోకండి.

ఇక పచ్చళ్లు. గాజు సీసాల్లోకి మార్చడం మీకు నచ్చింది, నాకూ నచ్చింది. బస్సు పార్శిల్‌కు మాత్రం నచ్చలేదు. కరీంనగర్‌కు పంపిన డబ్బా తెరిస్తే ఆవకాయలో గాజు ముక్కలు. ఆ బ్యాచ్ డబ్బులు మొత్తం తిరిగి ఇచ్చాం, తినొద్దని అందరికీ ఫోన్ చేశాం. ఇప్పుడు ఊళ్లో కొనేవాళ్లకే గాజు, పార్శిల్‌కు ప్లాస్టిక్ డబ్బా. రేకు మూతలు ఉప్పుకు తుప్పు పడుతున్నాయని ప్లాస్టిక్ మూతలు పెట్టాం, అదీ చెప్పేస్తున్నాను.

దసరాకు మెత్తటి సకినాలు తీసుకెళ్లినవాళ్లు వచ్చి పావుకిలో తీసుకోండి, బిల్లు అక్కర్లేదు. ఖాళీ పచ్చడి సీసా తెస్తే పది రూపాయలు వాపస్, సోమవారం తప్ప ఎప్పుడైనా సరే. కానీ మూత కూడా తెండి. పోయిన వారం పద్దెనిమిది సీసాలు వచ్చాయి, మూతలు ఐదు.