తుపాకీ కన్నా దాని చప్పుడు ముఖ్యం

సంపాదకులు గారికి,

తెలంగాణ సాయుధ పోరాటంపై నల్లగొండ విద్యార్థులు తక్కువ ఖర్చుతో తీసిన చిన్న సినిమాను కొందరు నెత్తిన పెట్టుకుంటున్నారు, కొందరు తీసిపారేస్తున్నారు. రెండు మాటల్లోనూ ఆ పిల్లలకు పనికొచ్చే వివరం లేదు.

తుపాకులు చెక్కవి కావడం లోపమేమీ కాదు. 303 రైఫిల్ గుండు గుండుకూ బోల్టును, అంటే గుండును గొట్టంలోకి నెట్టే కడ్డీని, వెనక్కి లాగి ముందుకు నెట్టాలి, మ్యాగజైన్‌లో, అంటే గుండ్లు నింపే డబ్బాలో, పట్టేవి 10 గుండ్లే. సినిమాలో అది మిషన్‌గన్‌లా మోగింది. బోల్టు లాగే ఆ క్షణంలోనే కదా చూసేవాడికి ఊపిరి బిగబట్టేది! చప్పుడు సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 170 మీటర్ల అవతల పేలితే తుపాకీ మూతి దగ్గర మెరుపు కనబడ్డ అర సెకనుకు, అంటే సెకనుకు 24 ఫ్రేముల (బొమ్మల) లెక్కన 12 ఫ్రేములకు వినిపించాలి. మెరుపు ఒక్క ఫ్రేము చాలు, నాలుగైదు ఉంచితే టపాసులా ఉంటుంది.

గుట్ట మీద మాటలను గాలి మింగేసింది. మైకుకు గాలి హోరును ఆపే బొచ్చు తొడుగు వేయాలి. అదే చోట, గాలి తగ్గాక, నటుల చేత మాటలు మళ్లీ చెప్పించి రికార్డు చేసుకుంటే ఇంకా మంచిది.

రాళ్లు విసిరే వడిసెల దృశ్యం మాత్రం అద్భుతం. రాయి పెట్టి, గిరగిరా తిప్పి, ఒక కొస వదలడం సరిగ్గా పట్టారు. 1946 జూలై 4న కడవెండిలో ఈ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగే నాటికి జనం చేతుల్లో ఉన్నవి ఎక్కువగా కర్రలు, వడిసెలలే. కడవెండి అప్పుడు నల్లగొండ జిల్లాలోదే.

బొమ్మ తుపాకులైనా సరే, షూటింగ్‌కు ముందు పోలీస్ స్టేషన్‌లో చెప్పాలి. శబ్దం సరిచేసి మళ్లీ వేయండి, తప్పక వచ్చి చూస్తాం.

- ఒక పాఠకుడు, నల్లగొండ