వార్షిక నివేదిక 2025–26: మన అరవై అడుగుల రోడ్డు

గౌరవ సభ్యులకు నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన బైలాస్‌లో ఉంది కాబట్టి చదువుతున్నాను. పోయినేడాది నేను చదువుతుంటే సగం మంది భోజనాల వైపు జారుకున్నారు, అందుకే ఈసారి ముందే గ్రూపులో కూడా పెడుతున్నాను. మన కాలనీ సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే, మళ్లీ చెప్పను. కార్యవర్గాన్ని 11 సార్లు పిలిచాం, కోరం ఉన్నది ఆరుసార్లే.

ఈ ఏడాది చెప్పుకోదగ్గ పని ఒక్కటే, ముగ్గు ఫుట్‌పాత్, అంటే ఫుట్‌పాత్ ఎక్కడ ఉండాలో రోడ్డు మీద ముగ్గుతో గీసి చూపించడం. దాని గురించి కాస్త ఎక్కువే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మెట్రో స్టేషన్ నుంచి మన కమాన్ దాకా రోడ్డు లేఅవుట్ కాగితంలో 60 అడుగులు. మూడో వీధి రిటైర్డ్ ఓవర్సియర్ గారు టేపు పట్టి చూస్తే మిఠాయి కొట్టు దగ్గర 49 వచ్చింది. కొట్టు మెట్లు, జనరేటరు, ఎవరిదో ర్యాంపు కలిసి మిగతాది మింగేశాయి. అయినా 60 ఉన్నట్టే అనుకుని పంచి చూశాం. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) మార్గదర్శకాల ప్రకారం ఇళ్ల వీధుల్లో ఫుట్‌పాత్ అడ్డంకులేమీ లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలి, దుకాణాలున్న చోట రెండున్నర. అంటే దాదాపు 8 అడుగులు. రెండు పక్కలా 8 చొప్పున 16, సైకిళ్లకు 7 చొప్పున 14, బస్సులు, కార్లు పోయే వరసలు రెండూ 11 చొప్పున 22. ఇంకా 8 అడుగులు మిగులుతాయి. అందులో బస్టాపు, కొంత పార్కింగు, తోపుడు బండ్లు. "మరి కార్ల వాళ్లకేం మిగిలింది?" అని అడిగిన సభ్యులకు నా జవాబు: ఇప్పుడు మాత్రం మన కార్లు కదులుతున్నది రెండు వరసల్లోనేగా? మిగతాదంతా నిలబెట్టిన కార్లదే.

ఈ లెక్క కాగితం మీద చూపిస్తే ఎవరికీ ఎక్కలేదు. ధనుర్మాసం, ఇంటింటా ముగ్గుపిండి ఉంది. రోడ్డు మీదే గీద్దామన్న ఆలోచన మహిళా విభాగానిది, నాది కాదు. సంక్రాంతి ముందు ఆదివారం ట్రాఫిక్ పోలీసుల అనుమతితో తెల్లారుజామున నాలుగున్నరకు మొదలుపెట్టి, 300 మీటర్ల మేర గీతలు గీశాం. ఫుట్‌పాత్ అంచున చుక్కల ముగ్గు, సైకిల్ దారికి పసుపు రంగు, బస్టాపు దగ్గర టెంట్‌హౌస్ కుర్చీలు, తాడు. టైర్లకు ముగ్గు చెరిగిపోతుంటే ఎనిమిదో తరగతి పిల్లలు చేటలు పట్టుకుని మళ్లీ మళ్లీ పోశారు.

ఏడు దాటాక మొదటి బస్సు వచ్చింది. రోజూ ఆటోలు అడ్డం ఉంటాయి కాబట్టి బస్సు నడిరోడ్డు మీద ఆగుతుంది, దిగేవాళ్లు బైకుల మధ్యలోకి దిగుతారు. మహాలక్ష్మి ఉచిత ప్రయాణం 2023 డిసెంబరులో మొదలైనప్పటి నుంచి మన స్టాపులో ఆడవాళ్ల రద్దీ ఎంత పెరిగిందో చూస్తూనే ఉన్నాం. స్టాపు మాత్రం పాతదే. ఆ రోజు డ్రైవర్ గారు ముగ్గు చూసి, ఒక్క క్షణం ఆలోచించి, బస్సును అంచు దాకా తెచ్చి ఆపారు. ముందు తలుపులోంచి కూరగాయల గంపతో ఒక పెద్దమ్మ దిగి, కింద ముగ్గు చూసి చెప్పులు విప్పబోయింది. తొక్కితే తప్పనుకుంది పాపం. "దీని మీదనే నడవాలె అమ్మా" అన్నాం. "గట్లనా? మంచిగుంది బిడ్డా" అని గంప సర్దుకుని వెళ్లింది. కార్లు వాటంతట అవే నెమ్మదించాయి, అక్కడ స్పీడ్ బ్రేకరేమీ లేదు.

స్పీడ్ బ్రేకరంటే గుర్తొచ్చింది. ఐఆర్‌సీ ప్రకారం గుండ్రటి హంప్ ఎత్తు 10 సెంటీమీటర్లు, పొడవు 3.7 మీటర్లు. రెండో వీధిలోది 17 సెంటీమీటర్ల ఎత్తు, రెండడుగుల పొడవు. అది హంప్ కాదు, పిట్టగోడ. సొంత ఖర్చుతో సరిచేద్దామంటే అనుమతి కావాలన్నారు. వేసినప్పుడు ఎవరి అనుమతి తీసుకున్నారో మరి.

జంక్షన్‌లో జీబ్రా దగ్గర స్టాప్‌వాచ్ పట్టాం. అక్కడ రోడ్డు వెడల్పు 24 మీటర్లు. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడనుకున్నా 20 సెకన్లు కావాలి. సిగ్నల్ ఇచ్చింది 12. మోకాలి ఆపరేషన్ అయిన మన అధ్యక్షుల వారికి 31 పట్టింది. ఆ వీడియో చూపించాక 25కి పెంచారు. ట్రాఫిక్ సిబ్బందికి ధన్యవాదాలు.

ఇక సంబంధిత కార్యాలయం సంగతి. నాలుగు వినతిపత్రాలిచ్చాం. మూడుసార్లు "ఫైలు పైకెళ్లింది", ఒకసారి "ఫైలు కిందికొచ్చింది" అన్నారు. ముగ్గు రోజున వస్తామన్నవారు రాలేదు. మర్నాడు ఫొటోలు మాత్రం అడిగారు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులని కేంద్ర ప్రభుత్వ నివేదికే చెప్పింది. ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ప్రతి కూడా వినతిపత్రానికి జతచేశాం. చదివారో లేదో.

బయటివాళ్లనే అంటే న్యాయం కాదు. ముగ్గు పనికి గ్రూపులో 64 మంది బొటనవేలు చూపించారు, తెల్లారి వచ్చింది 14 మంది. తోపుడు బండ్లు తీసేయించమని సంతకాలు సేకరించిన సభ్యులకు బండ్ల వాళ్లకు రక్షణ ఇచ్చే 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఒకసారి చదవమని మనవి. రాత్రి తొమ్మిదింటికి మిర్చిబజ్జీ బండి చుట్టూ కనిపించేదీ వారే. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది కదా, ఇక్కడెందుకన్న వారికి కూడా ఒక మాట. మన పిల్లవాడు ట్యూషన్‌కు వెళ్లేది అవుటర్ మీద కాదు.

జమాఖర్చులు వెనక పేజీలో ఉన్నాయి. ఆడిటర్ గారు సంతకం చేశారు. టెంట్‌హౌస్ బిల్లు పోను మిగులు స్వల్పం. చందా బాకీలు చాలా ఉన్నాయి, పేర్లు చదవను.

చేటలు పట్టిన పిల్లలకు, పసుపు కలిపిన మహిళా విభాగానికి, కుర్చీలకు సగం అద్దే తీసుకున్న టెంట్‌హౌస్ వారికి, ఇడ్లీలు పంపిన టిఫిన్ సెంటర్‌కు, టీ డబ్బులు వద్దన్న ఇరానీ హోటల్ వారికి, బస్సు డ్రైవర్ గారికి, నన్ను తెల్లారుజామున నిద్రలేపిన మా ఆవిడకు కృతజ్ఞతలు.

ఉగాది తర్వాత కొలతలు మళ్లీ తీయాలి. ఓవర్సియర్ గారి 50 మీటర్ల టేపు ముగ్గు రోజు నుంచి కనిపించడం లేదు. ఎవరి స్కూటర్ డిక్కీలో ఉందో చూసుకుని సమావేశానికి తెచ్చివ్వండి.

ఇట్లు,
కార్యదర్శి