మా ఊరి బొడ్రాయి పండుగకు సాయం చేసిన అందరికీ దండాలు

మక్తల్ దగ్గరి మా ఊళ్ళో బొడ్రాయి, పోచమ్మ, ఈదమ్మల ప్రతిష్ఠ మూడొద్దులూ ఏ లొల్లీ లేకుండా జరిగింది. పైసలు ఇచ్చినవాళ్ళ పేర్లన్నీ చావిడి కాడ కట్టిన ఫ్లెక్సీ మీద ఉన్నాయి. ఈ పోస్టు ఆ ఫ్లెక్సీ మీద పేరు లేనివాళ్ళ కోసం. పేర్లు రాయొద్దని వాళ్ళలో చాలామంది నాతో ముందే అన్నారు కాబట్టి వరసలతోనే చెప్తున్నా. ఎవరి గురించో వాళ్ళకు తెలిసిపోతుంది. ఊరి వాళ్ళకైతే చెప్పే పనే లేదు.

పక్క ఊళ్ళో వీఓఏగా, అంటే గ్రామ సంఘం సహాయకురాలిగా, మహిళా సంఘాల లెక్కలు రాస్తాను. అందుకని పండుగ లెక్కలూ నాకే అప్పజెప్పారు. పైసలు ఎప్పుడు వచ్చాయో, ఎప్పుడు ఆగిపోయాయో, మళ్ళీ ఎవరి పుణ్యాన కదిలాయో నా నోటుబుక్కులోనే ఉంది.

బొడ్రాయి అంటే తెలియనివాళ్ళకు ఒక ముక్క. ఊరి నడుమ పాతిన రాయి అది, ఊరికి బొడ్డు అన్నట్టు. దాన్ని కొత్తగా నిలబెట్టుకున్నప్పుడు ఎక్కడెక్కడి ఆడబిడ్డలనూ, అల్లుళ్ళనూ పిలుస్తారు. ఆడబిడ్డలు బిందెలతో నీళ్ళు తెచ్చి రాయి మీద పోస్తారు. రాత్రి పొలిమేర చుట్టూ పొలి, అంటే అమ్మవారి పేర కలిపిన అన్నం, చల్లి ఊరు కట్టడి చేస్తారు. ఆ కట్టడి విడిచేదాకా ఊళ్ళోవాళ్ళు బయటికి పోవద్దు, బయటివాళ్ళు లోపలికి రావద్దు. ఇదంతా జరగాలంటే మనుషులు ఊళ్ళో ఉండాలి కదా. మా ఊళ్ళో సగం ఇండ్లకు తాళాలే. పాలమూరు లేబర్ అని పేరుపడ్డవాళ్ళం, ముంబైలో, పుణెలో సెంట్రింగు పనులకు పోయినవాళ్ళు, హైదరాబాదులో వాచ్‌మన్ కాడ నుంచి సాఫ్ట్‌వేర్ దాకా ఉన్నవాళ్ళు, రాయచూరు దిక్కు ఇచ్చిన ఆడబిడ్డలు. వీళ్ళందరికీ కలిపి ఉన్న రచ్చకట్ట వాట్సాప్ గ్రూపు ఒక్కటే. రచ్చకట్ట అన్నాక రచ్చ కూడా అక్కడే అయింది.

ఒక తమ్ముడు గ్రూపులో యాటపోతు ఫొటో పెట్టి, ‘ఈసారి పోచమ్మ తల్లికి ఇదే’ అని రాశాడు. పాపం, వాడు సంబరంగానే పెట్టాడు. హైదరాబాదు నుంచి ఇంకో తమ్ముడు, బలులు ఇవ్వొద్దని 1950 నాటి చట్టం ఉందని దాని కింద రాశాడు. ‘చట్టం తెలిసినోనివి, ఆదివారం చికెన్ తినవా’ అని మూడోవాడు. సాయంత్రానికి మాట యాట మీద నుంచి ప్రతిష్ఠ పంతులు చెయ్యాలా, అమ్మవార్ల కొలుపులు చేసే బైండ్లోళ్ళు చెయ్యాలా అన్నదాని మీదికి పోయింది. రాత్రికి ఎవరి తాత ఎవరి భూమి కలుపుకున్నాడో దాకా వచ్చింది. ఒక్కొక్కరే గ్రూపులోంచి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. తెల్లారి నుంచి ఫోన్‌పేలో చందాలు రావడం ఆగిపోయింది. టెంటు వాళ్ళకు అడ్వాన్సు ఇచ్చి ఉన్నాం. నాకు టెన్షన్‌తో అన్నం సయించలేదు.

మొదటి దండం మా రిటైర్డ్ సారుకు. ఊళ్ళో సగం మందికి ఆయన దగ్గరే అక్షరాలు వచ్చాయి. ఆయన గ్రూపులో ఒక్క మాట కూడా రాయలేదు. గొడవపడ్డ ప్రతి ఒక్కరికీ విడివిడిగా ఫోన్ చేశాడు. పనిమీద ఉన్నవాళ్ళకు షిఫ్టు దిగినంక చేశాడు. ఎందుకు సారు ఇంత కష్టం, గ్రూపులోనే నాలుగు మంచి మాటలు రాస్తే అయిపాయె కదా అంటే, “అండ్ల రాస్తే ఊరంత సూస్తున్నదని వాడు తగ్గడు బిడ్డా. ఫోన్ల అయితే నేనొక్కన్నే కద, నా కాడ తగ్గుడుకు వానికి సిగ్గేంది” అన్నాడు. వెళ్ళిపోయినవాళ్ళు తిరిగి గ్రూపులోకి వచ్చింది ఆ ఫోన్ల వల్లనే. వచ్చినవాళ్ళను ఎందుకు పోయినవ్ అని ఎవరూ అడగొద్దని కూడా ఆయనే మిగతావాళ్ళకు చెప్పి పెట్టాడట. ఈ సంగతి నాకు పండుగ అయిపోయాక తెలిసింది.

అడ్మిన్ తమ్ముడికీ థాంక్స్ చెప్పాలి, ఒక చిన్న మాటతో కలిపి. గొడవ ముదిరిన రాత్రి అడ్మిన్లు తప్ప ఎవరూ మెసేజ్ పెట్టకుండా గ్రూపు మూసేశాడు. ఆ రాత్రికి అది మంచిదే అయింది. కానీ మర్నాడూ అట్లనే ఉంచితే ‘మా నోరు మూసిండ్రు’ అన్న మాట పుట్టింది, కులానికో గ్రూపు, వాడకో గ్రూపు లేవడానికి చూశాయి. నా మట్టుకు నాకు, చప్పుడు లేని ఊరు కలిసి ఉన్న ఊరని అనిపించదు. ఎవరూ చెప్పకుండానే తమ్ముడు సంగతి గ్రహించి మళ్ళీ తెరిచాడు. మాట్లాడాల్సింది గ్రూపులో, కొట్లాడాల్సింది ఫోన్‌లో అని డీపీ కింద రాసిపెట్టాడు. నవ్వొచ్చింది గానీ పనిచేసింది.

యాటల సంగతి ఒడ్డున పడేసింది సూర్యాపేట మేనత్త. ఆమె మాట్లాడిన ఆడియో అందరూ విన్నారు గనుక ఇక్కడ చెప్పొచ్చు. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్ళకోసారి లింగమంతుల స్వామి జాతర అవుతుంది, గొల్లగట్టు జాతర అని కూడా అంటారు. అక్కడ స్వామికి మాంసం పెట్టరు. పక్కనే ఉన్న ఆయన చెల్లెలు చౌడమ్మకు యాటలు మొక్కుతారు. “ఒక్క గట్టు మీన అన్నాచెల్లెలు ఎవరి తిండి వాళ్ళు తినుకుంట ఉండంగ, మీకేమైందిరా?” అని అడిగింది మేనత్త. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

చట్టం సంగతి సారు సర్దాడు. గుడిలో, గుడి ఆవరణలో, ఊరేగింపులో బలులు వద్దని చట్టం ఉన్నమాట నిజమే, దాన్ని దాటొద్దు అన్నాడు. మొక్కు ఉన్నవాళ్ళు ఎవరి పొలం కాడ వాళ్ళు కోసుకుని వండుకుని చుట్టాలకు పెట్టుకోవాలి, మొక్కు లేనివాళ్ళను ఎవరూ అడగొద్దు, వాళ్ళూ ఎవరికీ నీతులు చెప్పొద్దు అని తీర్మానం అయింది.

అయితే పొలి ఉంది కదా. పొలిమేరలో చల్లే అన్నం ఎర్రగా ఉండాలి, దానికి నెత్తురు కలిపేది మొదటి నుంచీ ఉన్న పద్ధతి. ఇక్కడ మళ్ళీ చిక్కుపడుతుందని అందరం భయపడ్డాం. బైండ్ల తాత మాత్రం నిమ్మళంగా ఉన్నాడు. “అమ్మకు ఎర్రగ కనవడాలె, గంతే కద” అన్నాడు. పెద్ద గంపలో అన్నం కుప్ప పోయించి, దోసిళ్ళతో పసుపు చల్లి కలిపించాడు. తమలపాకుకు రాసుకునే సున్నం చెంబెడు నీళ్ళలో పిసికి, ఆ తేట నీళ్ళు కొంచెం కొంచెంగా చిలకరించాడు. మా కళ్ళ ముందే పచ్చటి అన్నం నారింజ రంగుకు తిరిగి, తర్వాత చిక్కటి ఎరుపు అయింది. చుట్టూ కూర్చున్న పిల్లలు ‘ఓ’ అని అరిచారు. యాట ఫొటో పెట్టిన తమ్ముడే ఆ గంప నెత్తిన పెట్టుకుని పొలిమేర అంతా తిరిగాడు. గుమ్మడికాయలు పట్టుకున్నది చట్టం చెప్పిన తమ్ముడు. వాళ్ళిద్దరినీ ఎవరు జతచేశారో నాకు తెలియదు, చేసినవాళ్ళకు కూడా ఒక దండం.

బైండ్ల తాత గురించి ఇంకొంచెం చెప్పాలి. ఆయనకు చూపు సరిగా ఆనదు. అయినా పోచమ్మ గుడి ముందు పట్నం, అంటే రంగుల పొడులతో వేసే పెద్ద ముగ్గు, ఆయనే వేశాడు. బియ్యప్పిండి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి సన్నటి తీగలాగా జారుతుంటే, వేళ్ళతోనే చూస్తున్నాడా అనిపించింది. ఆకుపొడి ఎక్కడ పడాలి, బొగ్గుపొడి ఎక్కడ పడాలి అని మనవరాలికి మాటతో చెప్తూ వేయించాడు. తర్వాత జమిడిక వాయిద్యం చంకలో ఇరికించుకుని, నరం లాగి మీటుతూ ఎల్లమ్మ కథ ఎత్తుకుంటే తెల్లారేదాకా ఎవరూ లేవలేదు. పంతులుగారు కూడా వచ్చి హోమం చేశారు. ఆయన పని ఆయన ముగించుకుని, తాత పట్నం వేస్తుంటే పక్కన కూర్చుని చూశారు. పంతులా, బైండ్లోళ్ళా అన్న పంచాయితీకి ఎవరూ తీర్పు చెప్పే పనే పడలేదు. ఇద్దరికీ చోటు దొరికింది. పంతులుగారికి కూడా దండాలు.

ఇప్పుడు అసలైన సంగతి. మా డప్పు అన్నలు పండుగకు ముందే ఒక మాట అన్నారు. డప్పు మాది కావాలె, మా ఆడోళ్ళ బిందెలు మాత్రం ఆఖరుకా? ఈసారి మా బోనాలు, మా బిందెలు అందరితోపాటు వరుసలో ఉంటేనే డప్పు ముట్టుకుంటాం. న్యాయమైన మాట. కలిసి ఉండాలి, కలిసి ఉండాలి అని గ్రూపులో దండాల బొమ్మలు పెట్టిన కొందరు పెద్దమనుషులు దీనికి మాత్రం సప్పుడు చెయ్యలేదు. అట్లాంటి ఐక్యత నాకైతే ఒక పూట బియ్యానికి కూడా పనికిరాదు.

ఇక్కడ కుమ్మరి పెద్దమ్మకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. మా దగ్గర పోచమ్మకు మొదటి బోనం వాళ్ళ ఇంటి నుంచే లేస్తుంది. ఆ హక్కు ఆమెది. ఆమె అందరి ముందూ, “కురుమూర్తి సామి ఉద్దాలు ఎవలు కుడ్తరు? అవి వచ్చినప్పుడు మొక్కనోడు ఎవడన్న ఉన్నడా ఈడ?” అని అడిగింది. కురుమూర్తి మాకు దూరం కాదు. దీపావళి తర్వాత జాతర, ఉద్దాల రోజు మా ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. స్వామి పాదుకలు తయారుచేసేది వడ్డెమాన్ దళితులేనని చిన్నపిల్లలకు కూడా తెలుసు. పెద్దమ్మ అంతటితో ఊరుకోలేదు. తన బోనం ఎత్తుకుని మాదిగవాడకే నడిచిపోయి, అక్కడి అక్కలను వెంటబెట్టుకుని బొడ్రాయి కాడికి వచ్చింది. డప్పులు ముందు నడిచాయి. మొదటి వరుసలోనే అందరి బిందెలూ పడ్డాయి. అడ్డం చెప్పాలనుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ చప్పుడులో వాళ్ళ మాట వినపడలేదు. మాట మీద నిలబడిన డప్పు అన్నలకు, ఎండలో చెప్పులు లేకుండా నిలుచున్న ఆ అక్కలకు, పెద్దమ్మకు ఊరు బాకీ ఉంది.

టెక్సాస్‌లో ఎంఎస్ చదువుతున్న మా మరదలు పిల్ల పంపిన వాయిస్ మెసేజ్ కూడా గుర్తుచేసుకోవాలి. దాని రూమ్మేటు పేగన్ అట. అక్కడ పాత దేవతలను, చెట్టునూ చంద్రుణ్ణీ కొలిచేవాళ్ళను అట్లా పిలుస్తారు. వాళ్ళకూ అందరికీ కలిపి ఒకే పుస్తకం లేదు, ఒకే పెద్ద లేడు, గుంపుకో పద్ధతి. వాళ్ళలో విక్కన్లనే ఒక శాఖకు చెందిన సైనికుడు 2005లో అఫ్ఘానిస్థాన్‌లో చనిపోతే, అతని గుర్తు, వృత్తంలో ఐదు మొనల నక్షత్రం, స్మారకం మీద పెట్టడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదట. అతని భార్య పోరాడింది, రకరకాల గుంపులవాళ్ళు ఆమె వెనక నిలబడ్డారు. కోర్టు దాకా పోయాక 2007లో ఒప్పుకున్నారు. “వాళ్ళు ఒక్క తీరుగ పూజ చేసుడు మొదలుపెట్టలేదు వదినా, ఆమె తోడుకు పోయిండ్రు అంతే” అంది పిల్ల. అది విన్నాక పుణె బావ, గొడవలో అందరికంటే గట్టిగా అరిచినాయన, రాత్రికి రాత్రే చందా పంపాడు. ఆ ఎంట్రీ పక్కన టైం కూడా రాసుకున్నాను.

ముంబై చిన్నాయన బస్సు మాట్లాడాడు. రానుపోను చార్జీలు ఇచ్చుకోలేని ఇండ్లవాళ్ళను ఎవరికీ తెలియకుండా ఎక్కించుకొచ్చాడు. లెక్క అడిగితే ఇవ్వలేదు, ఇస్తే నా పుస్తకంలో ఎక్కిస్తా.

చర్చికి పోయే అక్క వాళ్ళు బొడ్రాయికి మొక్కరు. మేమూ మొక్కమనలేదు. కానీ వంటకు పెద్ద గంజులు, గరిటెలు వాళ్ళవే. ఆమె తెల్లవారుజామునే వచ్చి బియ్యం కడిగి ఇచ్చి పోయింది. పీర్ల పండుగకు పీరు ఎత్తే తాత తన ఇంటి బోరు మోటారు పగలూ రాత్రీ నడిపించాడు. కరెంటు బిల్లు పంచుకుంటామంటే కసురుకున్నాడు.

లెక్కల పుస్తకం చావిడిలో పెట్టాను, ఎవరైనా చూసుకోవచ్చు. టెంటు, లైట్లు, కిరాణం బాకీలు అన్నీ తీరిపోయాయి. మిగిలిన పైసలు పోచమ్మ గుడి ముందు బండలు పరవడానికి వాడుదామని అనుకున్నాం, వేరే ఆలోచన ఉంటే సారుకు ఫోన్ చేయండి. గంజులు రెండు ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి, ట్రాలీ ఉన్నవాళ్ళు ఎవరైనా అక్క వాళ్ళింటికి చేర్చిపెడితే వాళ్ళకూ ముందుగానే దండాలు.